చెమట పట్టని రాకుమారుడు, చలికి కదలని లడ్డు

అందరికీ నమస్తే. ఈసారి రివ్యూ సినిమాకి కాదు, ఓటీటీ సిరీస్‌కీ కాదు, 2019 నవంబర్ 16న బీబీసీ టూలో వచ్చిన ఒక టీవీ ఇంటర్వ్యూకి. న్యూస్‌నైట్ ప్రోగ్రామ్‌లో ఎమిలీ మైట్లిస్ ప్రశ్నలు, బ్రిటన్ రాణి ఎలిజబెత్ కొడుకు, అప్పటి ప్రిన్స్ ఆండ్రూ జవాబులు, మొత్తం 49 నిమిషాలు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకండీ అంటారా? నేనుండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. డిసెంబర్‌లో నాలుగు కొట్టకముందే చీకటి, ఇంకేం చేస్తాం, కుక్కని తిప్పడం, వచ్చి టీవీ ముందు కూలబడడం.

వెనకాల ఆ గురక మా కుక్క లడ్డుది. కాస్త భరించండి.

సంగతేంటో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే అమెరికా కోటీశ్వరుడు, మైనర్ అమ్మాయిల విషయంలో శిక్షపడ్డ నేరస్తుడు, 2019 ఆగస్టులో జైల్లో చనిపోయాడు. అతనితో ఆండ్రూకి స్నేహం. వర్జీనియా జుఫ్రే అనే ఆవిడ, నాకు పదిహేడేళ్లప్పుడు నన్ను ఆండ్రూ దగ్గరికి పంపారని ఆరోపించింది. ఆయన మొదట్నుంచీ కాదంటూనే ఉన్నాడు, 2022లో తప్పు ఒప్పుకోకుండానే కోర్టు బయట కేసు సెటిల్ చేసుకున్నాడు. ఆవిడ 2025 ఏప్రిల్‌లో చనిపోయింది. అందుకే ఈ వీడియోలో నేను ఎవరి మీద నవ్వుతున్నానో ముందే చెప్తున్నా, ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మీద, అంతే.

ఇక షో. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో పెద్ద గది, ఎదురెదురుగా రెండు కుర్చీలు, సంగీతం లేదు, స్క్రోలింగ్ లేదు. మన ఛానళ్లకి అలవాటుపడ్డవాళ్లకి మొదటి ఐదు నిమిషాలు సౌండ్ పోయిందేమో అనిపిస్తుంది. 2018లో శ్రీదేవి గారు దుబాయ్‌లో పోయినప్పుడు ఒక తెలుగు రిపోర్టర్ బాత్‌టబ్‌లో పడుకుని మరీ చూపించాడు, గుర్తుందా? అదే మన చేతికి ఈ రాకుమారుడు దొరికుంటే స్క్రీన్ మీద ఆరుగురు ఒకేసారి అరిచేవాళ్లు, మధ్యలో ఈయన "నన్ను మాట్లాడనివ్వడం లేదు" అని లేచి హాయిగా వెళ్లిపోయేవాడు. నా పాయింట్ అదే. అరుపులు దొంగకి గొడుగు పడతాయి. మైట్లిస్ అరవలేదు. అడిగి ఊరుకుంది. ఆయన చెప్పడం అయిపోయాక కూడా ఒక్క క్షణం ఊరుకుంది, ఆ ఖాళీ చూసి ఆయనే ఇంకో వాక్యం కలిపాడు, కొంప మునిగింది ఆ వాక్యంతోనే.

చూడండి. 2001లో ఒక రాత్రి క్లబ్బులో నాతో డాన్స్ చేస్తుంటే ఆండ్రూకి చెమటలు కారిపోయాయని జుఫ్రే చెప్పింది కదా అని మైట్లిస్ అంటే, నాకు అప్పట్లో చెమట పట్టేది కాదు, ఫాక్‌లాండ్స్ యుద్ధంలో నా మీద కాల్పులు జరిగినప్పుడు అడ్రినలిన్ ఎక్కువైపోయి అలా అయింది అన్నాడు. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఆ యుద్ధంలో ఆయన హెలికాప్టర్ పైలట్, అది నిజమే. కానీ ఎవరడిగారండీ అంత వివరం? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

ఇక పిజ్జా. జుఫ్రే చెప్పిన ఆ రోజు, 2001 మార్చి 10న, నేను వోకింగ్ ఊళ్లో పిజ్జా ఎక్స్‌ప్రెస్‌కి కూతుర్ని పార్టీకి తీసుకెళ్లాను అన్నాడు. అదెలా గుర్తుందంటే, నేను వోకింగ్‌లో పిజ్జా ఎక్స్‌ప్రెస్‌కి వెళ్లడమనేది మామూలుగా జరిగే పని కాదు కదా అన్నాడు. మా ఇంటి నుంచి కారులో వెళ్లొచ్చేంత దూరమే ఆ వోకింగ్. ఇంటర్వ్యూ వచ్చాక ఆ హోటల్‌కి ఆన్‌లైన్‌లో వెటకారం రివ్యూలు కుప్పలు కుప్పలు పడ్డాయి. పాపం, వాళ్లేం చేశారు?

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లండ్‌లో కుక్కల్ని తిప్పేవాళ్లు ఎన్నేళ్లయినా ఒకరి పేరు ఒకరు అడగరు, కుక్క పేరే పేరు. నేను ఇక్కడ "లడ్డు వాళ్ల డాడీ"ని. వాతావరణం తప్ప వేరే మాట ఉండదు. అలాంటివాళ్లు ఈ రాచకుటుంబం గొడవ వచ్చిందంటే మాత్రం ఆగి, మంచులో నిలబడి, కాళ్లు బిగుసుకుపోయేదాకా మాట్లాడతారు. ఈలోపు లడ్డు పని కానిస్తుంది. ఆ కవరు ఉంది చూశారూ, గ్లౌజులతో దాని మూతి చచ్చినా విడిపోదు, గ్లౌజు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి, ఒక చేతిలో తాడు, నోట్లో గ్లౌజు, ఎదురుగా పెద్దావిడ "పదవులన్నీ తీసేశారటగా" అంటుంటుంది. ఇంటికొచ్చాక దాని కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడగాలి, రోడ్ల మీద చల్లిన ఉప్పు వేళ్ల సందుల్లో మండుతుంది. కుక్కలున్న ఎన్నారైలు ఇది రాసుకోండి.

అన్నట్టు, 2022లో రాణి గారు పోయాక ఆవిడ పొట్టికాళ్ల కోర్గీ కుక్కలు రెండూ, మ్యూయిక్, శాండీ, వెళ్లింది ఈ ఆండ్రూ ఇంటికే. 2025 అక్టోబర్ 30న ప్రిన్స్ అనే బిరుదు కూడా తీసేస్తున్నామని ప్యాలెస్ ప్రకటించింది, విండ్సర్‌లో ఇల్లు ఖాళీ చేయమన్నారు. కోర్గీలు మాత్రం కుటుంబంలోనే ఉంటాయన్నారు. హోదా పోనిది వాటికే.

నాకు నవ్వు రాని చోటు ఒకటుంది. ఎప్‌స్టీన్ హుందాగా ప్రవర్తించలేదు అని ఈయన అనగానే, మైట్లిస్ వెంటనే "హుందాగానా? అతను లైంగిక నేరస్తుడు" అంటుంది. ఈయన, మర్యాదగా చెప్తున్నానంతే అన్నాడు. ఇంత మర్యాదా స్నేహితుడి కోసమే, ఆ అమ్మాయిల గురించి బాధగా ఒక్క మాట ఆయనంతట ఆయన అనడు. అయినా షూటింగ్ అయ్యాక ఇంటర్వ్యూ బాగా వచ్చిందనుకుని టీమ్‌కి ప్యాలెస్ చూపించాడట! ప్రసారమైన నాలుగు రోజులకే ప్రజా బాధ్యతల నుంచి తప్పుకున్నాడు.

తర్వాత దీని మీద నెట్‌ఫ్లిక్స్ సినిమా తీసింది, అమెజాన్ సిరీస్ తీసింది. నటులు బాగా చేశారు, కాదనను, కానీ అసలుది ఉండగా నకలెందుకు?

మైట్లిస్‌కి 5కి 5. ఈయనకి రేటింగ్ ఇవ్వను. యూట్యూబ్‌లో మొత్తం ఉంది, పిజ్జా క్లిప్ ఒక్కటే చూసి వదిలేయకండి. దానికి ముందే, 2010లో న్యూయార్క్‌లో అదే ఎప్‌స్టీన్ ఇంట్లో నాలుగు రోజులు ఎందుకున్నారని అడుగుతుంది. స్నేహం వద్దని చెప్పడానికే వెళ్లానంటాడు. వద్దని చెప్పడానికి నాలుగు రోజులా అండీ? ఆ భాగం చూసి, మీకేమనిపించిందో కింద కామెంట్‌లో పెట్టండి.