‘బోర్డు పోయింది’ అనే ముందు

(కాకినాడలో ఒక పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు ఒక ల్యాప్‌టాప్ మెకానిక్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, స్టాఫ్ అందరికీ నమస్కారమండి. పిల్లలూ, మీకూ నమస్కారం. ఈ శాలువా కాసేపు ఆ కుర్చీ మీద పెడతానండి, ఉక్కగా ఉంది. మేడమ్ గారు నన్ను ‘ప్రముఖ హార్డ్‌వేర్ నిపుణులు’ అన్నారు. సినిమా రోడ్డులో నా షాపు వెడల్పు ఎనిమిది అడుగులు. అందులో ప్రముఖంగా కనపడేది పక్క టీ కొట్టు వాడి బోర్డే. మెకానిక్ అంటే చాలండి.

ఫ్లెక్సీ మీద ‘హార్డ్‌వేర్ రంగంలో ఉపాధి అవకాశాలు’ అని వేశారు. టైముంటే ఆఖర్లో దాని గురించి రెండు ముక్కలు చెబుతాను. నేను వచ్చింది వేరే పని మీద. మొన్న నన్ను పిలవడానికి వచ్చిన కుర్రాళ్లు మాటల్లో ఒక సంగతి చెప్పారు. మీ స్టోర్ రూములో 11 ల్యాప్‌టాప్‌లు డెడ్ అయి పడున్నాయట. కండెమ్ చేసి వేలం వేస్తారట. ఎవరు చూశారయ్యా అంటే, ‘ఎవరో వచ్చి చూశారండి, అన్నిటికీ బోర్డులు పోయాయన్నారు’ అన్నారు. 11కి 11 బోర్డులే పోయాయా! ఎంతసేపు చూశాడని అడిగాను. టీ తాగినంతసేపట.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదంటే నవ్వుతారేమో. ఎందుకో చెబుతాను. ముందు కొంచెం సబ్జెక్టు.

కస్టమరు ఎప్పుడూ ఒకటే మాట అంటాడు: ‘ఆన్ అవ్వట్లేదు.’ ఆ ఒక్క మాటలో కనీసం మూడు జబ్బులుంటాయి. అసలు లైటే రానిది ఒకటి. లైటొచ్చి, ఫ్యాను తిరిగి, బొమ్మ రానిది ఇంకోటి. దాన్ని మేం నో డిస్‌ప్లే అంటాం. అందులో సగం కేసులు ర్యామ్ తీసి, దాని బంగారు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడితే లేచి కూర్చుంటాయి. మూడోది, ల్యాప్‌టాప్ శుభ్రంగా నడుస్తూ ఉంటుంది, స్క్రీను వెనక వెలుగు మాత్రం పోయి ఉంటుంది. చీకట్లో స్క్రీను మీద సెల్ఫోను టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి, లోపల బొమ్మ మసకమసకగా కనపడుతుంది. దీనికి బోర్డు మార్చినవాళ్లను నేను చూశాను.

మూలపేట నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఇంట్లో ల్యాప్‌టాప్ టక్కున ఆరిపోతుంది, నా దగ్గర బెంచి మీద మూడు రోజులున్నా ఆరదు. నాలుగోసారి ఆయన్నే కూర్చోబెట్టి టైపు చేయమన్నాను. ఎడమ చెయ్యి ఆనించగానే స్క్రీను నల్లబడింది. బీపీ తగ్గుతుందని ఎవరో చెబితే మాగ్నెట్ కడియం వేసుకున్నారు! మూత మూశారో లేదో తెలుసుకోడానికి ల్యాప్‌టాప్‌లో అయస్కాంతాన్ని పట్టే సెన్సారు ఉంటుంది. అది కడియాన్ని చూసి మూత పడిందనుకుంటోంది. కడియం తీసెయ్యమంటే ఆయనకి కోపం వచ్చింది, అది వేరే సంగతి.

సరే, అసలు లైటే రానిదాని దగ్గరికొద్దాం. స్క్రూడ్రైవరు జోలికి పోకండి. ముందు అడాప్టరు. దాని మీద రాసుంటుంది, 65 వాట్లదైతే 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని. మీటరు డీసీలో 20 మీద పెట్టి పిన్ను చూడండి. పక్కింటివాళ్ల అడాప్టరు దూరింది కదా అని పెట్టేయకండి, దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. తర్వాత అడాప్టరు పీకి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటను అరనిమిషం నొక్కి పట్టుకుని, అడాప్టరు ఒక్కటే పెట్టి చూడండి. కొత్తవాటిలో బ్యాటరీ లోపలుంటుంది కాబట్టి అడుగు మూత తీసి కనెక్టరు లాగాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం గుచ్చకూడదు, వంచకూడదు. అంటుకుంటే నీళ్లు పోసినా ఒక పట్టాన ఆరదు.

ఇంకా రాలేదనుకోండి, అప్పుడు బోర్డు. మనం గోదావరి జిల్లాల వాళ్లం కాబట్టి కాలవల మీద లాకులు చూసే ఉంటారు. పై లాకులో నీటిమట్టం సరిపోయిందని చూశాకే లస్కరు కింది తలుపు తీస్తాడు. బోర్డులోనూ అంతే. అడాప్టరు పిన్ను దూరే జాకు దగ్గర 19 వోల్టులు దిగుతాయి. మాస్‌ఫెట్లు, అంటే కరెంటుని వదిలే, ఆపే చిన్న స్విచ్చులు, వాటిని దాటాక అవి 5, 3.3 అవుతాయి. 3.3 అందాక ఈసీ, అంటే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న ఐసీ నిద్రలేస్తుంది. అదే మన లస్కరు. మీరు బటను నొక్కిన కబురు ముందు దానికే వెళుతుంది. అక్కణ్ణించి ర్యామ్ వోల్టేజి, ఆ తర్వాత ఒక వోల్టు అటూ ఇటూగా ప్రాసెసర్ వోల్టేజి. ప్రతి మెట్టూ ‘నాది సరిపోయింది’ అని కబురు పంపితేనే కింది మెట్టు తెరుచుకుంటుంది. కాబట్టి డెడ్ బోర్డంటే చచ్చిన బోర్డు కాదు. ఎక్కడో ఒక లాకు దగ్గర ఆగిపోయిన బోర్డు. ఏ లాకో కనుక్కోవడమే మన పని.

ఇప్పుడు నా సంగతి.

2009లో నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో పని నేర్చుకుంటున్నాను. సీటీసీ అంటారు దాన్ని, కంప్యూటర్ సామాను దొరకని గది లేదక్కడ. ఒక సాయంత్రం నల్లగొండ వైపు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు. అమ్మాయిది ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది, రెండ్రోజుల్లో ప్రాజెక్టు వైవా. ల్యాప్‌టాప్ డెడ్. నేనే అడాప్టరు పెట్టాను. పెట్టగానే అడాప్టరు మీద ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. తీస్తే వెలిగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆరింది. బోర్డు నోరు తెరిచి చెబుతోందండి, ఇక్కడే షార్టింగ్ ఉందని, కరెంటు అడ్డదారిన పోతోందని. నాకు అర్థం కాలేదు. ఓనరు కుర్చీలోంచి లేవకుండా ‘మదర్‌బోర్డు’ అన్నాడు. 8,500 అన్నాడు.

ఆ అమ్మాయి ఏడవలేదు. వాళ్ల నాన్న వైపు కూడా చూడలేదు. ఆయన జేబులోంచి నోట్లు తీశాడు. నిలువునా మడిచిన నోట్లు, కండక్టర్లు వేళ్ల సందున పెట్టుకుంటారు చూశారా, అలా. అన్నీ వందలూ యాభైలూ. లెక్కపెట్టింది నేను. బిల్లు రాసింది నేను. ‘మంచిగ చెయ్యి బిడ్డా, మళ్ల ఇట్ల కాదు గద’ అన్నాడు. కాదండీ అన్నాను.

వారం తర్వాత, పని లేని మధ్యాహ్నం, తీసి పక్కన పడేసిన ఆ బోర్డును ముందేసుకున్నాను. జాకు రెండు కాళ్ల మధ్య మీటరు పెడితే బీప్, అంటే షార్టింగ్. జాకు పక్కన నువ్వుగింజంత కెపాసిటర్లు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటీ లేపుతూ వచ్చాను. నాలుగోది తీయగానే బీప్ ఆగింది. అడాప్టరు పెట్టాను, లైటు ఆరలేదు. బటను నొక్కితే ఫ్యాను తిరిగింది. ఆ కెపాసిటరు ధర రూపాయి. అది లేకపోయినా ఆ బోర్డు నడిచేది. ఇంకో సంగతి చెప్పనా? షార్టింగ్ జాకు వైపు ఉంది, మాస్‌ఫెట్లకి ఇవతల. అంటే ఆ రోజు ఇంకో ల్యాప్‌టాప్‌లోంచి చార్జి ఉన్న బ్యాటరీ తెచ్చి పెట్టి ఉంటే ఆ పిల్లది అప్పటికప్పుడు ఆన్ అయ్యేది! అదే మోడల్ బ్యాటరీ మా ర్యాకులో ఉంది.

ఓనరుకి చూపించాను. ‘శెభాష్’ అన్నాడు. ఆ బోర్డును ఇంకో కస్టమరుకి 6,000కి వేశాడు. నాకు 200 ఇచ్చాడు. తీసుకున్నాను.

బిల్లు బుక్కులో ఆ కండక్టరు గారి నంబరు ఉంది. ఫోను చెయ్యలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ షాపు ఇప్పుడు లేదు, ఆ బుక్కూ లేదు.

(మంచినీళ్లివ్వండి ఒకసారి.)

ఇప్పుడు సాధనాలకి కొదవ లేదు. డీసీ సప్లై నుంచి షార్టింగ్ ఉన్న లైనుకి ఒక్క వోల్టు ఇవ్వండి. ఒకటి దాటనివ్వకండి, ఆ లైను ఎటు తిరిగి ప్రాసెసర్‌కి వెళుతోందో మనకి తెలియదు. పైన ఐపీఏ, అంటే ఇట్టే ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చుక్కలు వేయండి. తడి ఎక్కడ ముందు ఆరిపోతే దొంగ అక్కడున్నాడు. కళ్లతో చూడొచ్చు. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

నీళ్లు పడినవాటి గురించి కూడా చెప్పి ముగిస్తాను. బియ్యంలో పెట్టకండమ్మా. ల్యాప్‌టాప్ తెరిస్తే ఫ్యాను సందుల్లో నూకలు! నీళ్లు పడగానే అడాప్టరు పీకండి, బటను నొక్కి పట్టి ఆపేయండి, కీబోర్డు కిందికి వచ్చేలా గుడారంలా బోర్లించండి, ‘ఆన్ అవుతుందేమో చూద్దాం’ అనకుండా పట్టుకురండి. నీళ్ల కంటే ఆ చూడటమే ఎక్కువ బోర్డుల్ని తినేసింది. మన ఊళ్లో ఉప్పుగాలి ఒకటి, నీళ్లు పడకపోయినా ఐసీ కాళ్లకి పచ్చగా చిలుము పట్టిస్తుంది.

రిపేరు హక్కు అంటున్నారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెచ్చింది. సంతోషం. నా బెంచి మీదికి మాత్రం ఇంతవరకూ ఒక్క కంపెనీ నుంచీ బోర్డు స్కీమాటిక్, అంటే సర్క్యూట్ పటం, నేరుగా రాలేదండి. ఎవరో ఎక్కడో సంపాదించి పెట్టిన కాపీలతోనే నెట్టుకొస్తున్నాం. డాక్టరుకి ఎక్స్‌రే ఇవ్వకుండా ఆపరేషన్ చెయ్యమన్నట్టుంది. సరే, ఆ కోపం ఇంకోరోజు.

ప్రిన్సిపల్ గారూ, ఒక్క మనవి. ఆ కండెమ్ కాగితం మీద ఇంకా సంతకం కాలేదని విన్నాను. ఒక్క పదిహేను రోజులు ఆపండి. ఈ పిల్లలు నలుగురు చొప్పున సాయంత్రాలు నా షాపుకి రానివ్వండి. నాకు డబ్బులొద్దు. బాగుపడనివి ఉంటే ఏది ఎందుకు పోయిందో ఒక్కోదానికీ కాగితం రాసిస్తాను, అప్పుడు వేలం వేసుకోండి. మేడమ్ గారు ఆ 11లో మూడింటిని ఇక్కడికి తెప్పించారు, థాంక్సండి.

రెండో వరసలో అమ్మాయి, మీటరు పట్టుకున్నావు కదా, నువ్వేరామ్మా. అడాప్టరు చూడు. ఎంత? 19.4. బాగుంది. ఇప్పుడు పెట్టు. లైటు ఆరిందా? ఆరలేదు. అంటే జాకు దగ్గర షార్టింగ్ లేదు. బటను నొక్కు. ఏం లేదు. ఈ డీసీ సప్లై తగిలిస్తున్నాను. ఆంపియర్లు చదువు, మైకులో. 0.00. అసలు లోపలికే పోవట్లేదు. పిన్నుని మెల్లగా పైకెత్తి పట్టుకో... ఇప్పుడు? 0.02! అలాగే పట్టుకో, వదలకు. బటను నొక్కు.

విన్నారా ఫ్యాను? జాకండీ. ల్యాబులో వైరు తగిలి లాగి లాగి విరిగింది. జాకు 150 రూపాయలు, సోల్డరింగు ఈ అమ్మాయే చేస్తుంది. ఇదీ బోర్డు పోయిన మొదటి ల్యాప్‌టాప్.

ఆ రెండోది ఇలా ఇవ్వమ్మా.