నెలలు నిండని బాబు, మొహమాటపడే నాన్న

యాంకర్: నమస్కారమండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలతో అమ్మానాన్నలు ఎలా మెలగాలన్నది ఇవాళ్టి విషయం. పిల్లల డాక్టరుగారు మనతో ఉన్నారు. రాజోలు దగ్గర నుంచి ఒకాయన లైన్లో ఉన్నారు, చెప్పండి.

కాలర్: ఆయ్, నమస్తే అండి. మాకు బాబండి. 32వ వారంలోనే పుట్టేశాడు, కిలో ఆరొందల గ్రాములు. మొన్నే డిశ్చార్జి చేశారు, ఇప్పుడు రెండు కిలోలు దాటాడు. మా ఆవిడ పుట్టింట్లో ఉందండి. నేను రొయ్యల చెరువు చూసుకుని సాయంత్రం వెళ్తాను. ఎత్తుకుందామంటే చేతులు వణుకుతాయి. మా అత్తగారేమో “మీకెందుకు బాబూ, మేం చూసుకుంటాం” అంటారు.

డాక్టర్: ఆస్పత్రిలో కంగారూ కేర్, అంటే బాబుని ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం, చేయించారా?

కాలర్: మా ఆవిడ చేత చేయించారండి. నన్ను మందులు తెమ్మనేవారు.

డాక్టర్: మన దగ్గర జరిగేదే అది. నాన్నంటే బిల్లు కట్టే మనిషి! 1978లో కొలంబియాలో, పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి రోజుకి కనీసం 8 గంటలు చెయ్యమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పచ్చి బాలింత ఒక్కతే అంతసేపు ఎలా చేస్తుందండీ? మీ గుండెల మీద కూడా వాడికి వెచ్చగానే ఉంటుంది.

కాలర్: అదేనండి... అత్తారింట్లో చొక్కా విప్పి కూర్చోవాలంటే మొహమాటం కదండి.

యాంకర్: అసలు సంగతి ఇదన్నమాట!

డాక్టర్: విప్పక్కర్లేదు. ముందు గుండీలున్న వదులు చొక్కా వేసుకోండి, లోపల బనీను వద్దు. చెరువు నుంచి రాగానే స్నానం చేసి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. వెనక్కి వాలి కూర్చుని, డైపరు, టోపీ, సాక్సులతో బాబుని గుండెల మీద నిలువుగా ఆనించుకోండి. తల పక్కకి తిప్పి ఉండాలి, గడ్డం ఛాతీకి నొక్కుకోకూడదు. పైన చొక్కా, దుప్పటి. కూర్చుంటే గంటకి తగ్గకుండా కూర్చోండి. మీకు కునుకు పడుతుంటే ఆవిడకి ఇచ్చేయండి. మాట్లాడుతూ ఉండండి. రొయ్య కౌంటు చెప్పినా వింటాడు.

కాలర్: అలాగేనండి!

డాక్టర్: ఆగండి, కళ్ల పరీక్ష అయిందా? ఇంత ముందు పుట్టినవాళ్లకి పుట్టిన నెల రోజుల్లోపు రెటీనా, అంటే కంటి లోపలి పొర, చూపించాలి. అవ్వకపోతే రేపే వెళ్లండి.

యాంకర్: పాలకొల్లు నుంచి ఒకమ్మ. రేడియో సౌండ్ తగ్గించండమ్మా.

కాలర్: మేడమ్, మా పెద్దది నెలలు నిండాకే పుట్టింది. రెండు నెలలకే నన్ను చూసి నవ్వేది. చిన్నవాడు ఏడు వారాలు ముందు పుట్టాడు. మూడో నెల నిండింది, నవ్వడు. గిలక ఊపి, చిటికెలేసి పిలిస్తే మొహం తిప్పేసుకుంటాడు. నేనంటే ఇష్టం లేదేమోనని ఒకటే టెన్షన్.

డాక్టర్: ఆ ఏడు వారాలు తీసెయ్యండి. వాడికిప్పుడు నెలన్నర లెక్క. దీన్నే సర్దుబాటు వయసు అంటాం. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే. మొహం తిప్పుకున్నప్పుడు ఇంకేం చేస్తాడు?

కాలర్: ఎక్కిళ్లు వస్తాయి. వేళ్లు చాపేస్తాడు.

డాక్టర్: “చాలమ్మా, కాసేపు ఆగు” అంటున్నాడు. ముందు పుట్టిన పిల్లలు తొందరగా అలిసిపోతారు, వాళ్ల సైగలూ పల్చగా ఉంటాయి. బిడ్డ పలకట్లేదని అమ్మ ఇంకా ఎక్కువ కదిలిస్తుంది, వాడు ఇంకా తిప్పుకుంటాడు. గిలక పక్కన పెట్టండి. టీవీ కట్టేసి, జానెడు దూరంలో మీ మొహం పెట్టి మెల్లగా మాట్లాడండి. తిప్పుకుంటే మాట ఆపి, వాడు మళ్లీ చూసేదాకా ఊరుకోండి. మీ ఆయన ఆడిస్తారా?

కాలర్: పెద్దదాన్ని గాల్లోకి ఎగరేసేవారండి.

డాక్టర్: ఏ పసిబిడ్డకీ పనికిరాదది, వీడికి అసలే వద్దు. సర్దుబాటు వయసు మూడు నెలలొచ్చినా మొహాలు చూడకపోతే, నవ్వకపోతే మాత్రం చూపించండి.

యాంకర్: చివరి కాల్, నరసాపురం నుంచి ఒక నాయనమ్మగారు.

కాలర్: మనవడు 34 వారాలకి పుట్టాడమ్మా. సాంబ్రాణి వెయ్యొచ్చా?

డాక్టర్: వద్దు మామ్మగారూ. ఆ ఊపిరితిత్తులు పొగకి తట్టుకోలేవు.

కాలర్: మరి మా ఆయన చుట్ట కాల్చొచ్చి ఎత్తుకుంటాడు!

డాక్టర్: అదింకా ప్రమాదం. మానేస్తే మంచిది. మానకపోతే ఇంటికి దూరంగా కాల్చి, నోరు కడుక్కుని, స్నానం చేసి బట్టలు మార్చుకుంటేనే ఎత్తుకోవాలి. పక్కలో పడుకోబెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు.

కాలర్: నా మాట ఎక్కడ వింటాడమ్మా! ఇదుగో, ఇక్కడే ఉన్నాడు. ఆ మాటేదో నువ్వే చెప్పు తల్లీ.