పది యూనిట్ల దగ్గరే ఆగిపోతున్నారా? కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టేవాళ్లకి బ్లూటూత్ మీటర్, డోసు యాప్ రివ్యూ

నమస్కారం అండీ. టైప్ 2 షుగర్‌కి డాక్టర్ గారు రాత్రి పడుకునే ముందు ఒక సూది, 10 యూనిట్ల బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) రాశారనుకోండి. ఆ 10 మొదలుపెట్టడానికి మాత్రమే. లో షుగర్ రాకూడదని కిలో బరువుకి 0.1 నుంచి 0.2 యూనిట్ల లెక్కన తక్కువలోనే మొదలుపెడతారు. తర్వాత పరగడుపు షుగర్ చూసుకుంటూ పెంచాలి. చాలామందికి ఆ పెంచడమే జరగదు. మూణ్ణెల్లకి చెకప్‌కి వెళ్తే అదే 10, పరగడుపున అదే 170. "నాకు ఇన్సులిన్ పనిచేయట్లేదు" అంటారు. చాలాసార్లు డోసే చాలలేదండీ. అందుకే ఏ యాప్‌నైనా మేం చూసేది ఒక్కటే: డోసు సరైన చోటికి చేరడానికి సాయపడుతుందా, లేదా?

ముందు మీటర్. ఇది కాంటూర్ ప్లస్ వన్. రక్తం చాలకపోతే 60 సెకన్లలోపు అదే స్ట్రిప్‌కి ఇంకో చుక్క అందించొచ్చు, స్ట్రిప్ వృథా కాదు. రీడింగ్ బ్లూటూత్‌లో ఫోన్‌కి వెళ్తుంది. లైటు రంగు మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చ అంటే టార్గెట్‌లో ఉంది, పసుపు అంటే ఎక్కువ, ఎరుపు అంటే తక్కువ. ఎరుపు చూసి షుగర్ పెరిగిందనుకుంటే చాలా ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది రెండుసార్లు చెప్పండి.

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. టెస్ట్ చేశాక "ఫాస్టింగ్" అని గుర్తు పెట్టకపోతే తిన్నాక చూసిన రీడింగులతో కలిసిపోతుంది. అదే మీటర్‌తో ఇంకొకరు చూసుకుంటే వాళ్ల రీడింగూ మీ ఖాతాలోనే పడుతుంది. పండు కోసిన చేత్తో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది, చేతులు కడిగి ఆరనివ్వండి.

ఈ మీటర్ యాప్ రీడింగులు రాసి పెడుతుంది, ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో చెప్పదు. అది చెప్పేవి వేరే రకం. సనోఫీ తెచ్చిన మై డోస్ కోచ్, వోలంటిస్ తెచ్చిన ఇన్సులియా అలాంటివి. డాక్టర్ ప్లాన్ పెట్టనిదే ఇవి నడవవు, మాకు బాగా నచ్చింది అదే. అలాంటి యాప్ లేకపోయినా ఫర్వాలేదు, డాక్టర్ దగ్గర ప్లాన్ రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. మామూలుగా ఇలా ఉంటుంది: పరగడుపు టార్గెట్ 80 నుంచి 130. మూడు రోజులు వరసగా 168, 159, 162 వస్తే 10 కాస్తా 12. మళ్లీ మూడు రోజులు చూడాలి. ఈ లెక్కన 20కి చేరడానికి 15 రోజులు. మధ్యలో 70 కన్నా తగ్గితే ముందు మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. కారణం దొరక్కపోతే డోసు 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు, అంటే 20 వేసుకునేవాళ్లకి 16 నుంచి 18. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర కూడా వాడుతుంటే దాని సంగతి ముందే డాక్టర్‌ని అడగండి, రెండూ కలిస్తే లో షుగర్ ముప్పు పెరుగుతుంది.

యాప్ కనిపెట్టలేనిది ఒకటుంది. మన దగ్గర వయల్స్‌లో (చిన్న మందు సీసాల్లో) ఎక్కువగా మిల్లీలీటర్‌కి 40 యూనిట్లవి దొరుకుతాయి, ఇన్సులిన్ పెన్నుల్లో 100వి. యాప్ "12" అంటుంది. 40 వయల్ మందుని 100 సిరంజిలో 12 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 4.8 యూనిట్లే. 100 మందుని 40 సిరంజిలో తీస్తే ఏకంగా 30. ఎర్ర మూత సిరంజి 40ది, ఆరెంజ్ మూతది 100ది. పెన్ను కార్ట్రిజ్‌లోంచి సిరంజితో ఎప్పుడూ తీయకండి.

పెన్ను అయితే ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క చూడాలి, గుచ్చాక 10 అంకెలు లెక్కపెట్టి తీయాలి. సూది ఒకేచోట గుచ్చితే అక్కడ గడ్డకట్టి మందు సరిగా పట్టదు. యాప్ మాత్రం డోసు పెంచమంటూనే ఉంటుంది.

ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే రిమైండర్ మోగకపోవచ్చు, ఈ యాప్‌కి దాన్ని ఆపేయండి. అమెరికాలో ఉన్న పిల్లలకి రిపోర్ట్ పంపడం మంచిదే, డోసు మార్చే మాట మాత్రం డాక్టర్‌దే. డోసు కిలోకి 0.5 యూనిట్లు దాటి, అంటే 60 కిలోల మనిషికి 30 దాటి, పరగడుపు బాగుండి తిన్నాక షుగర్ ఎక్కువుంటే పెంచడం ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి.