మొదటి తూకం ఎక్కడ రాసి ఉంది?

అందరికీ నమస్కారం. అత్తలంతా ముందు వరసలో కూర్చున్నారు, కోడళ్లు గోడవారన నిలబడ్డారు. ఒకందుకు మంచిదే. కడుపుతో ఉన్న పిల్ల కంచంలో ఎంత పడాలో ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడి ఇళ్లలో తేల్చేది గరిటె పట్టుకున్నవాళ్లే కాబట్టి, ఇవాళ నా మాటలు ఎక్కువగా ముందు వరసకే.

బరువు గురించి నేను వినే భయాలు రెండు. అత్తగారిది ఒకటి: బాగా తింటే బిడ్డ లావైపోతుంది, కాన్పు కష్టమవుతుంది, పొట్ట కోసేస్తారు. కోడలిది ఇంకొకటి: పది కిలోలు పెరిగాక మళ్లీ తగ్గుతానా, చూసినవాళ్లు ఏమంటారు? ఏ విషయంలోనూ కుదరని ఈ ఇద్దరికీ ఇక్కడ మాత్రం చక్కగా కుదురుతుంది. ఇద్దరూ కలిసి అన్నం తగ్గిస్తారు. ఇంకొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా తిరగబడి, "ఇద్దరి తిండి తినాలమ్మా" అంటూ పూటకో స్వీటు చేతిలో పెడతారు.

ముందు ఒక లెక్క చెప్తాను. పెరిగిన బరువంతా కొవ్వే అనుకుంటాం. కాదు. బిడ్డ సుమారు మూడు కిలోలు. మాయ ముప్పావు కిలోకి దగ్గర. ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, ఒక్కోటీ కిలోకి కాస్త అటూ ఇటూ. తల్లి ఒంట్లో కొత్తగా చేరే రక్తమే కిలోన్నర దాకా ఉంటుంది. ఒంట్లో నిలిచే నీరు ఇంకో కిలోన్నర, రొమ్ములు అరకిలో. ఇవన్నీ తీసేస్తే మూడు కిలోలో, కాస్త పైనో మిగిలేది కొవ్వు. అదీ ఊరికే చేరదు, పుట్టాక పాలివ్వడానికి ఒళ్లు ముందుగా దాచుకునే సరుకు. మొత్తం 12 కిలోల చుట్టూ తేలుతుంది. ఇందులో ఏది వద్దంటారో మీరే చెప్పండి.

అయితే అందరికీ 12 కాదు. పక్కింటి కోడలు ఎంత పెరిగిందన్నది మనకి పనికిరాని కబురు. కడుపు పండక ముందు ఈ పిల్ల ఎంత ఉండేది? అదొక్కటే కావాలి. అయిదడుగుల మనిషిని తీసుకోండి. 43 కిలోలకి తక్కువ ఉంటే సన్నం కింద లెక్క. అలాంటి పిల్ల 12.5 నుంచి 18 కిలోల దాకా పెరగవచ్చు, పెరగాలి కూడా. 43కీ 58కీ మధ్య ఉంటే 11.5 నుంచి 16. 58 దాటితే 7 నుంచి 11.5 చాలు. 70 దాటితే 5 నుంచి 9. ఇవి 2009లో అమెరికా వైద్య సంస్థ ఇచ్చిన అంకెలు, డాక్టర్లు చాలాచోట్ల వీటినే చూస్తారు. మన దేశంలో నర్సమ్మలకి నేర్పే లెక్క ఇంకా తేలిక: మొత్తం మీద 9 నుంచి 11 కిలోలు, మూడు నెలలు దాటాక నెలకి సుమారు రెండు కిలోల చొప్పున. మొదటి మూడు నెలల్లో వాంతులతో ఒకటి రెండు కిలోలు తగ్గినా కంగారు పడక్కర్లేదు. మంచినీళ్లు కూడా ఇమడకపోతే మాత్రం ఆస్పత్రికి వెళ్లాలి.

కడుపు పండక ముందు బరువుకి మనకి దొరికే ఆధారం కార్డులో రాసిన మొదటి తూకమే. చిక్కల్లా దాని దగ్గరే, మన సరిహద్దు ఊళ్లలో మరీను. కోడలు ఆంధ్ర వైపు పాతపట్నం పిల్ల, కాపురం ఇక్కడ. తొలి తూకం ఇక్కడి అంగన్‌వాడీలో, గర్భిణుల్నీ పసిపిల్లల్నీ చూసే మమతా దివస్ నాడు వేస్తారు, కార్డు మీద ఒడియాలో రాస్తారు. ఏడో నెల రాగానే తొలికాన్పు కదా అని పుట్టింటికి పంపుతాం. చీరలు సర్దుతాం, చలిమిడి సర్దుతాం, కార్డు బీరువాలో ఉండిపోతుంది. అవతల ఏఎన్‌ఎం కొత్త కార్డు తెరిచి, ఏడో నెల బరువునే మొదటి బరువుగా రాస్తుంది. ఆ పిల్ల 40 నుంచి 44కి వచ్చిందో, 52 నుంచి 44కి జారిందో ఆవిడకి ఎలా తెలుస్తుంది? కార్డు ఒడియాలో ఉంటే చదవలేరన్న బెంగ వద్దు. ఏ నెలలో ఎన్ని కిలోలో మీరే వెనక పేజీలో తెలుగులో రాసి పంపండి. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. తూకం వేసేటప్పుడు చెప్పులు విప్పించండి. ఒక నెల టిఫినుకి ముందు, ఇంకో నెల భోజనం చేసి నిలబెడితే ఆ తేడాకే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు లావు బిడ్డ భయం. బిడ్డ బాగా లావైందంటే ముందు అనుమానించాల్సింది తల్లికి వచ్చిన షుగరుని. అది పరీక్షలో దొరుకుతుంది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకి రక్తం చూస్తారు. 140 లేక అంతకు మించి వస్తే గర్భంలో వచ్చే షుగరు కింద లెక్క. ఆ పరీక్ష చేయించండి, కంచం మీద కోపం చూపించకండి. తల్లి కడుపు మాడ్చినంత మాత్రాన కాన్పు సులువు కాదు. బిడ్డ రెండున్నర కిలోలకి తక్కువగా పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ బిడ్డ ఒళ్లు వెచ్చగా నిలుపుకోలేదు, పాలు గట్టిగా చప్పరించలేదు. పెద్ద బిడ్డ అని భయపడే పెద్దవాళ్లు చిన్న బిడ్డ అంటే ఎందుకు భయపడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇద్దరి తిండి మాటకొస్తే, రెండో మనిషి చాలా చిన్న మనిషి. రోజుకి అదనంగా కావాల్సింది 350 కేలరీలు. ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగ పలుకులు, ఒక చిన్న గ్లాసు పాలు, అయిపోయింది. మనకి లేనిది కూడా ఏమీ లేదు. చోడి అంబలి, అదే రాగి అంబలి ఉంది, ఉలవలు ఉన్నాయి, ములగాకు పెరట్లోనే ఉంది. అంగన్‌వాడీ వాళ్లిచ్చే చత్తువా (సత్తు పిండి) పొట్లం గర్భిణి కోసం ఇచ్చింది, ఇంటిల్లిపాదీ సాయంత్రం టీతో తినడానికి కాదు. ఎండాకాలం పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం, మంచిదే, చలవ చేస్తుంది. కానీ గిన్నెడు నీళ్లలో పిడికెడు మెతుకులతో పూట గడిపేస్తే లాభం లేదు. పక్కన పప్పో, గుడ్డో, చేప ముక్కో ఉండాలి. ఐరన్ మాత్రా కాల్షియం మాత్రా ఒకేసారి మింగించకండి. కాల్షియం ఐరన్‌ని సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు.

బరువు ఎక్కువగా ఉన్న కోడళ్లకి ఒక మాట. ఈ తొమ్మిది నెలలు సన్నబడే ప్రయత్నం చేసే కాలం కాదు. డాక్టరు వద్దనకపోతే సాయంత్రాలు అరగంట నడవండి, కూల్‌డ్రింకులూ వేపుళ్లూ తగ్గించండి, పూట మాత్రం మానకండి.

నిజంగా భయపడాల్సిన బరువు ఒకటుంది. నెలలో మూడు కిలోలు దాటి పెరిగితే అది తిండి వల్ల అనుకోకండి. కవలలు కావచ్చు, షుగరు కావచ్చు, బీపీ కావచ్చు. అయిదో నెల దాటాక ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి తగ్గక, కళ్లు మసకబారి, పొట్ట పైభాగంలో నొప్పి వస్తుంటే "నీరు పట్టింది, ఉప్పు తగ్గించు" అంటూ కూర్చోవద్దు. బీపీ 140/90 ఉందంటేనే డాక్టరు చూడాలి. ఈ లక్షణాలు కూడా ఉంటే రాత్రయినా సరే అప్పుడే బయల్దేరండి. ఇటు ఒడిశాలో 102కో 108కో, అటు ఆంధ్రలో 108కో ఫోన్ చేయండి.

గోడవారన ఉన్న పిల్లలు అడగలేక అడుగుతున్నదేంటో నాకు తెలుసు: మళ్లీ తగ్గుతామా? కాన్పు రోజే అయిదారు కిలోలు పోతాయి. తర్వాతి వారాల్లో నీరు పోతుంది. మిగిలిన కొవ్వు నెలల మీద, మెల్లగా తగ్గుతుంది. పాలివ్వడం దానికి సాయం చేస్తుంది. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి, గర్భంతో ఉన్నప్పటికంటే ఎక్కువ. మనమేమో సరిగ్గా అప్పుడే పథ్యం అని కారప్పొడీ అన్నంతో సరిపెట్టి, పొట్ట జారుతుందని నీళ్లు కూడా కొలిచి పోస్తాం. నీళ్లు తాగనివ్వండి. దాహమైనప్పుడల్లా, ఎన్ని గ్లాసులైనా.