ఏడు వేషాలు, ఒక చీర

తమ్ముడు: మైకు ఆన్ అయింది అక్కా, చూసుకున్నా.

అక్క: చెప్పు.

తమ్ముడు: ఈ వారం మన గంగజాతర, ఏడు రోజుల వేషాలు. తాతయ్యగుంట గంగమ్మ, తిరుపతి ఊరి దేవత, వెంకన్నకు చెల్లెలు, జాతరకు కొండ మీద నుంచి సారె వస్తుంది. పూర్వం ఈ ఊరిని ఏలే పాలెగాడు ఒకడు ఆడవాళ్ళను చెరిచేవాడు, పక్కనే అవిలాల ఊళ్ళో పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయి, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికే గంగమ్మ వేషాలు వేసింది, అవే మనమూ వేస్తాం. ఒంటికి పూసుకునేది బైరాగికి నామంకొమ్ము, అంటే తెల్ల సుద్ద, బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గు, దొరవేషానికి గంధం. దొర వచ్చినాడని పాలెగాడు బయటికొచ్చినాడు, తల తెగింది. తర్వాత మాతంగి వేషం, సున్నపుకుండల వేషం, ఆఖరి రోజు జాతర. అంతే.

అక్క: ఏడు రోజులు ఒక్క గుక్కలో తాగేసినావే! అంబలి ఏదీ?

తమ్ముడు: వచ్చేసింది అంబలి.

అక్క: రాగి అంబలి లేకుండా జాతర ఏంది? సరే, బైరాగి వస్తే రాలేదు, తోటి వస్తే రాలేదు, దొర అనగానే ఎందుకొచ్చినాడు?

తమ్ముడు: దొర వస్తే ఎదురుపోయి దండం పెట్టాలి కదా. ఆయన కూడా దొర కింద ఉండేవాడే.

అక్క: ‘ఆయన’ ఏంది? వానికి మర్యాదా?

తమ్ముడు: నోరు జారింది.

అక్క: ఊరి ఆడవాళ్ళ ఏడుపు వినపడలేదు, దొర పేరు మాత్రం వినపడింది.

తమ్ముడు: అంటే భయపడి వచ్చినాడంటావు. నేనేమో ఆశపడి వచ్చినాడంటా, దొర మెప్పు దొరుకుతుందని...

అక్క: రెండూ ఒకటే. నాకు మాతంగే ఇష్టం. వాణ్ణి చంపి ఊరుకోలేదు, వాడి పెళ్ళాం దగ్గరికి పోయి ఓదార్చింది. అది ఎవరూ చెప్పరు, తల తెగిన కాడే ఆపేస్తారు, నీ మాదిరి.

తమ్ముడు: నాయన మాతంగికే కదా చీర కట్టేవాడు.

అక్క: అమ్మ పెళ్ళి చీర. నీకు జ్వరం తగ్గితే కడతానని మొక్కినాడు. తగ్గినాక కూడా ఏటా కట్టినాడు, మీసం మాత్రం తీయలేదు.

తమ్ముడు: నేను సిగ్గుపడి వీధి చివర దాక్కునేవాణ్ణి.

అక్క: నాకు తెలుసు.

తమ్ముడు: ...

అక్క: అంబలి తాగుతావా?

తమ్ముడు: ఆగక్కా. ఆఖర్న విశ్వరూపం, అదే గుడి ముందు నిలబెట్టే అమ్మవారి మట్టి బొమ్మ, దాని చెంప నరికినాక ఆ మట్టి కోసం తోపులాట ఉంటుందే, అందులో నాయన తెచ్చిన గడ్డ ఇంకా ఉందా?

అక్క: ట్రంకు పెట్టెలో, చీర మడతల్లో.

తమ్ముడు: చీర కూడా ఉందా?

అక్క: ఉంది. ఎందుకు, కడతావా?

తమ్ముడు: మీసం తీయను.

అక్క: ముందు నడుముకు సరిపోతుందేమో చూడు... ఏయ్, రెడ్ లైటు ఆరిపోయింది!