రేణిగుంటకు ఏ380 రావాలా?

నమస్కారం. రోజూ 60, 70 వేల మంది శ్రీవారి దర్శనానికి వచ్చే ఊరు కదా, ఎయిర్‌బస్ కంపెనీ చేసిన ఆ రెండంతస్తుల ఏ380 విమానం మన రేణిగుంట విమానాశ్రయంలో ఎప్పుడు దిగుతుందని మన తిరుపతిలో చాలామంది అడుగుతుంటారు. దిగనక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పెద్ద విమానం అనగానే అందరూ రన్‌వే పొడవు గురించే మాట్లాడతారు. అసలు చిక్కు వెడల్పుతో. ఏ380 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 80 మీటర్లు. అంతర్జాతీయ ప్రమాణాల్లో అతి పెద్ద విమానాల తరగతికి రెక్కల హద్దు కూడా 80 మీటర్లే. ఆ హద్దు దాటకుండానే రెక్కను రూపొందించారు. చాలా రన్‌వేల వెడల్పు 45 మీటర్లు. ఏ380 నాలుగు ఇంజిన్లలో బయటి రెండూ మధ్యగీతకు 25 మీటర్లకు పైగా దూరంలో ఉంటాయి. అంటే అవి రన్‌వే అంచు దాటి వేలాడుతూ వెళతాయి. కింద వదులు మట్టి, గులకరాళ్లు ఉంటే లోపలికి పీల్చేసుకుంటాయి. అందుకే అంచుల వెంట గట్టి తలం పరచాలి. దిగాక వేగం తగ్గించే రివర్స్ థ్రస్ట్‌ను కూడా లోపలి రెండు ఇంజిన్లకే అమర్చారు. ఆపైన దానికి తగ్గ ట్యాక్సీవేలు (రన్‌వేకు వెళ్లివచ్చే దారులు), పార్కింగ్ స్థలం, పై అంతస్తుకు అందే మెట్లు కూడా కావాలి.

ఈ ఇబ్బంది పోటీ కంపెనీ బోయింగ్‌కూ తెలుసు. అది తయారు చేస్తున్న 777ఎక్స్ రెక్కల కొసలు నేలమీద మడుచుకుంటాయి. దాదాపు 72 మీటర్ల రెక్క 65 మీటర్ల లోపుకు వస్తుంది, పాత గేట్లలోనే సరిపోతుంది.

ఇవన్నీ కట్టుకున్నా, సీట్లు నిండాలి కదా! 2007లో సేవలోకి వచ్చిన ఏ380 తయారీ 2021లో ఆగిపోయింది. మొత్తం 251 మాత్రమే అమ్ముడయ్యాయి, అందులో సగానికి దగ్గరగా కొన్నది దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ ఒక్కటే. దుబాయ్‌లాంటి కూడలిలో నాలుగు దిక్కుల ప్రయాణికులనూ పోగుచేయగలిగిన సంస్థకే అది గిట్టుబాటైంది. రెండు ఇంజిన్ల బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 తక్కువ ఇంధనంతో దూరపు ఊళ్లను నేరుగా కలిపేశాయి.

మన భక్తులు ఒకే ఊరి నుంచి, ఒకే వేళకు రారు. అలిపిరి దగ్గర చూడండి, ఘాట్ మలుపులకు తగ్గ బస్సులు ఒకదాని వెనుక ఒకటి కదులుతూనే ఉంటాయి. విమానాలూ అలాగే ఉండాలి. 70 మంది పట్టే చిన్న ఏటీఆర్ విమానాలు, 180 మంది పట్టే ఏ320లు, వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు వేళల్లో.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎంతోమంది కువైట్‌లో పని చేస్తున్నారు. పెట్టెలు మోసుకుంటూ రాత్రంతా ప్రయాణించి చెన్నైలోనో బెంగళూరులోనో విమానం ఎక్కుతున్నారు. కువైట్ దూరం ఏ320కి సులభంగా అందుతుంది. మన ప్రజాప్రతినిధులను అడగాల్సింది ఆ విమానం గురించి.