నల్లగుడ్డు అంచున మూలకణాలు, కిళ్ళీకొట్టులో సున్నం ప్యాకెట్లు

అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు నేను జంతుశాస్త్రం చెప్పిన కళాశాలకే పిలిచి మాట్లాడమన్నందుకు కృతజ్ఞతలు.

మూలకణాల గురించి ప్రాథమిక విషయాలు చెప్పమన్నారు. మన ఒంట్లో చాలా కణాలు ఒకే పనికి కుదురుకున్నవి. గుండె కండరంలోని కణం నాడీకణంగా మారదు. మూలకణానికి మాత్రం రెండు శక్తులున్నాయి. విభజన చెంది తనలాంటి కణాన్నే మళ్లీ పుట్టించగలదు, అవసరమైనప్పుడు ఒక ప్రత్యేకమైన కణంగానూ మారగలదు. 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లోక్ రేడియేషన్‌కు గురైన ఎలుకలకు మరో ఎలుక ఎముకల లోపలి మజ్జ ఎక్కించారు. రక్తాన్ని వడగట్టే ప్లీహంలో వాటికి చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఒక్కో బొడిపె ఒకే మూలకణం సంతానమని ఆ తర్వాత రుజువైంది. మనుషుల్లో మజ్జ మార్పిడికి దారి వేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. రక్త క్యాన్సర్‌కు, తలసీమియాకు ఇప్పుడది స్థిరపడిన వైద్యం. 2006లో జపాన్‌లో షిన్యా యమనక నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను, ఒంట్లో ఏ కణంగానైనా మారగల పిండ మూలకణాల వంటి స్థితికి తీసుకువెళ్లారు. ఇవన్నీ మీ పాఠాల్లో వస్తాయి.

పాఠాల్లో నొక్కి చెప్పని మాట ఒకటుంది. పెరిగిన శరీరంలో ఉండే మూలకణం అన్ని పనులూ చేయదు. మజ్జలోది రక్తాన్ని తయారుచేస్తుంది. చర్మంలోది చర్మాన్ని తయారుచేస్తుంది. అందుకే ఎవరైనా మూలకణ చికిత్స అన్నప్పుడు మీరు మూడు ప్రశ్నలు అడగాలి. ఏ కణం? ఎక్కడి నుంచి తీస్తారు? పెట్టిన చోట అది ఏమవుతుంది?

కంటినే తీసుకుందాం. నల్లగుడ్డుకు ముందు అద్దంలా ఉండేది కార్నియా. దాని పైపొర రోజూ అరుగుతుంది, వారం పది రోజుల్లో కొత్తది వస్తుంది. కొత్త కణాలను పంపే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నటి అంచులో ఉంటాయి. దాన్ని లింబస్ అంటారు. అది పొలం గట్టు లాంటిది. గట్టు తెగితే పక్క చేలోని తుంగ మన మడిలోకి పాకినట్టు, లింబస్ పాడైతే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. చూపు పోతుంది. నేత్రదానంలో వచ్చిన కార్నియాను మాత్రమే కుట్టినా ఆ కన్ను నిలవదు, ఎందుకంటే పైపొరను నిలబెట్టే మూలకణాలు అక్కడ లేవు.

ఆ అంచును కాల్చేసేవాటిలో ఒకటి మన వీధి చివరే అమ్ముతున్నారు. సున్నం ప్యాకెట్.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి తమ్ముడున్నాడు. తాత ఖైనీలో కలుపుకునే సున్నం ప్యాకెట్ వాడి చేతికి దొరికింది. పిల్లవాడు కదా, రెండు చేతులతో నొక్కాడు. పగిలి కంట్లోకి చిమ్మింది. ఇంట్లో పెద్దవాళ్లు నీళ్లు పోయనివ్వలేదు, పోస్తే సున్నం ఉడుకుతుందని భయపడ్డారు. ఉడికేది రాతి సున్నం. ప్యాకెట్‌లో ఉన్నది ముందే నీళ్లు పోసి చల్లార్చిన సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. అది క్షారం. ఆమ్లం పడితే పైపైన ప్రోటీన్ గడ్డకట్టి కొంత అడ్డుపడుతుంది. క్షారం కణాల పొరలను కరిగిస్తూ లోపలికి వెళుతూనే ఉంటుంది. వాళ్లు బండి కోసం చూసినంత సేపూ అది లోపలికి వెళుతూనే ఉంది.

నా బాధ అంతటితో ఆగదు. కన్ను తెల్లబడ్డాక ఎవరో చెప్పగా తండ్రి ఒక నగరంలోని క్లినిక్‌కు తీసుకువెళ్లాడు. మూలకణాలను చేతి నరంలోకి ఎక్కిస్తాం, అవే కంటికి చేరి బాగుచేస్తాయన్నారు. గేదెలు అమ్మి కట్టాడు. ఏ కణమో చెప్పలేదు. ఎక్కడిదో చెప్పలేదు. కాగితం మీద ఒక సంతకం పెట్టించుకున్నారు. ఆ తండ్రి చదువుకోలేదు, ఆయన్ను తప్పుపట్టను. తెల్లకోటు వేసుకుని కూర్చున్నవాళ్లు చదువుకున్నవాళ్లే! 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర ప్రభుత్వ జీవసాంకేతిక విభాగం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఏమంటున్నాయో వారికి తెలియదా? రుజువు కాని మూలకణ ప్రయోగం ఏదైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే, అంటే రోగుల మీద చేసే పరీక్షగానే జరగాలి, అందులో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

అసలు వైద్యం హైదరాబాద్‌లోనే ఉంది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు లింబస్ కణాలను ప్రయోగశాలలో పెంచి కంటికి అతికించారు. ఆ పద్ధతికి ఖరీదైన ప్రయోగశాల కావాలి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సాంగ్వాన్, సయన్ బసు, వారి సహచరులు 2012లో ఇంకా సులువైన దారి ప్రచురించారు. బాగున్న కంటి లింబస్ నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది పది తునకలు చేస్తారు. పాడైన కంటి మీది పొరను ఒలిచి, ఉమ్మనీటి సంచి పొరను పరచి, దాని మీద ఆ తునకలను ఫైబ్రిన్ జిగురుతో, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్‌తో చేసిన జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. సొంత కణాలు కనుక శరీరం తిరస్కరించదు. మూడు ప్రశ్నలకూ ఇక్కడ సమాధానం ఉంది, చూడండి. లింబస్ కణం, రెండో కంటి నుంచి, కార్నియా పైపొర అవుతుంది.

అయితే రెండు కళ్లూ కాలిపోతే తీయడానికి ముక్క ఉండదు. లోపలి నరం దెబ్బతింటే పైపొర బాగుపడినా చూపు రాదు. ఆ పిల్లవాడికి ఆలస్యంగానైనా ఈ శస్త్రచికిత్స జరిగింది. వెలుతురు, మనుషుల ఆకారాలు తెలుస్తున్నాయి. బోర్డు మీది అక్షరాలు ఆ కంటికి కనిపించవు.

అందుకని యమనక గురించి చెబుదామని రాసుకున్న మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. తల్లులూ, తండ్రులూ, వినండి. కంట్లో సున్నం పడితే వెంటనే నీళ్లు. పంపు నీళ్లు, బిందె నీళ్లు, ఏ శుభ్రమైన నీళ్లయినా సరే. రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం అరగంట ధారగా పోయండి. రెప్పల కింద సున్నం ముద్ద ఉంటే తడి గుడ్డతో తీసేయండి. రుద్దవద్దు, పాలు, నూనె, పసరు వద్దు. ఆ తర్వాతే బండి, ఆసుపత్రి. మీ ఇంట్లో ఖైనీ వేసుకునే పెద్దలుంటే ఆ ప్యాకెట్‌లోని సున్నాన్ని మూత బిగుసుకునే డబ్బాలోకి మార్చి, పిల్లలకు అందని అటక మీద పెట్టించండి. ఈ రాత్రికే.

కంటి వైద్యులు ఈ ప్యాకెట్ల గురించి ఏళ్లుగా వైద్య పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. అవి కిళ్ళీకొట్టుకు చేరవు, మనం చేర్చాలి. మన ఊళ్లోని ప్రతి దుకాణం దగ్గరకూ వెళ్లి చిన్నపిల్లల చేతికి సున్నం అమ్మవద్దని అడుగుదాం. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు సభ అయ్యాక ఇక్కడే ఉండండి. బస్టాండు వీధి నుంచి మొదలుపెట్టి ఎవరు ఏ వీధికి వెళ్లాలో పేర్లు రాసుకుందాం.